పాతది మరిచే క్యాష్

1973లో లియూ, లేలాండ్‌లు రియల్‌టైమ్ షెడ్యూలింగ్‌కు గణిత పునాది వేసినప్పుడు, ప్రతి పనికీ ఎంత సమయం పడుతుందో ముందే తెలుసనుకుని లెక్క మొదలుపెట్టారు. ఆ సంఖ్య ఎక్కడినుంచి వస్తుందో వారు అడగలేదు. అప్పటికే, 1968లో ఐబీఎం తన 360 మోడల్ 85లో క్యాష్ అనే చిన్న, వేగమైన మెమరీ పెట్టి, ఆ సంఖ్య చెప్పడాన్ని కష్టం చేసింది. అడిగిన డేటా క్యాష్‌లో దొరికితే కొద్ది క్లాక్ సైకిళ్లతో పోతుంది. దొరక్కపోతే నేటి ప్రాసెసర్లలో వంద దాటవచ్చు. సగటు వేగం చాలనుకునేవారికి ఇది వరమే. విమానం రెక్కల కదలికను నియంత్రించే ప్రోగ్రాముకు మాత్రం ఏ పరిస్థితిలోనూ దాటని గరిష్ఠ సమయం కావాలి. దానికోసం సాగిన అన్వేషణను సాధారణంగా విశ్లేషణ పద్ధతుల విజయంగా చెబుతారు. నాకది ఎక్కువగా హార్డ్‌వేర్ కథలా కనిపిస్తుంది: క్యాష్ తన గతాన్ని ఎంత త్వరగా మరిస్తే, ఇకపై ఏం చేస్తుందో అంత గట్టిగా చెప్పగలం.

పద్ధతుల ఘనత తక్కువేమీ కాదు. 1994లో ఫ్లోరిడాలో ముల్లర్, వాలీ తదితరులు ఇన్‌స్ట్రక్షన్లను ఎప్పుడూ దొరికేవి, ఎప్పుడూ దొరకనివి, మొదటిసారి మాత్రమే దొరకనివి అంటూ విడదీశారు. 1996లో సార్‌బ్రుకెన్‌లో ఫెర్డినాండ్, విల్‌హెల్మ్ బృందం, ప్రోగ్రాంను నడపకుండానే దాని సాధ్య స్థితులను లెక్కగట్టే అబ్‌స్ట్రాక్ట్ ఇంటర్‌ప్రిటేషన్‌ను ఈ పనికి తెచ్చింది. ప్రోగ్రాంలో రెండు దారులు కలిసే చోట, రెండింటిలోనూ ఉన్న బ్లాకులనే (క్యాష్‌లోకి ఒకేసారి వచ్చే డేటా ముక్కలనే), అదీ ఎక్కువ పాతబడినట్టు లెక్కేసి ఉంచుకుంటే, అవి తప్పక క్యాష్‌లో ఉంటాయని హామీ ఇవ్వవచ్చు.

ఇంత శ్రమెందుకు, నడిపి కొలిస్తే పోదా అనేవారు ఇప్పటికీ ఉన్నారు. కొలత తాను చూసిన దారులకే పూచీ పడుతుంది. పోనీ, తెలియని చోటల్లా డేటా దొరకలేదనే అనుకుంటే? 1999లో లుండ్‌క్విస్ట్, స్టెన్‌స్ట్రోమ్ ఆ ధీమానూ తీసేశారు. ఇన్‌స్ట్రక్షన్ల వరుసను తనే మార్చుకునే ప్రాసెసర్లలో, క్యాష్‌లో దొరకడమే మొత్తం సమయాన్ని పెంచే సందర్భాలు చూపారు. ఇక నా వాదనకు అసలు సాక్ష్యం మోటరోలా కోల్డ్‌ఫైర్ 5307 ప్రాసెసర్. సెట్లనే భాగాలుగా విడిపోయి, ప్రతి సెట్‌లోనూ నాలుగేసి బ్లాకులు పట్టే దాని క్యాష్‌లో, ఏది తీసేయాలో చెప్పే కౌంటర్ అన్ని సెట్లకూ కలిపి ఒక్కటే. దాని విలువ ఒకసారి చేజారిందా, మళ్లీ చిక్కదు. విశ్లేషణ భరోసా ఇవ్వగలిగింది క్యాష్‌లో నాలుగో వంతుకే. 2007లో రైనెకె బృందం ఈ మరుపును అంకెల్లో పెట్టింది. నాలుగు బ్లాకులు పట్టే సెట్‌లో ఏముందో పూర్తిగా తెలియడానికి, చాలాసేపుగా వాడనిదాన్ని తీసేసే ఎల్ఆర్‌యూ పద్ధతిలో 4 వేర్వేరు బ్లాకులు అడిగితే చాలు. ముందొచ్చినదాన్ని ముందు పంపే ఫిఫోలో 11 కావాలి. మరింత తెలివైన విశ్లేషణ వస్తే ఈ తేడా చెరిగిపోదా? పూర్తిగా పోదనే 2019 నాటి మోన్యో, తూజోల ఫలితం సూచిస్తుంది: లూపులున్న ప్రోగ్రాముల్లో కచ్చితమైన జవాబు వెతకడం ఎల్ఆర్‌యూకు ఎన్‌పీ-కంప్లీట్, ఫిఫోకు అంతకన్నా కష్టమని భావించే పీస్పేస్-కంప్లీట్.

మల్టీకోర్ వచ్చాక ఎల్ఆర్‌యూ ఉన్నా చాలడం లేదు. ఉమ్మడి క్యాష్‌లో మన బ్లాకులను పక్క కోర్ ఎప్పుడు తోసేస్తుందో మన ప్రోగ్రాం చదివితే తెలియదు. అందుకే కోర్‌కు ఇంతని క్యాష్‌ను పంచడం, కీలకమైన బ్లాకులను అందులో లాక్ చేయడం వంటి మార్గాలను ఆశ్రయిస్తున్నారు. అందుకు సగటు వేగంలో కొంత వదులుకుంటున్నారు.