‘సెట్ అప్’: మచిలీపట్నం, సూరత్ చెప్పే అర్థం

చరిత్ర పుస్తకాల్లో ‘ది ఇంగ్లిష్ సెట్ అప్ ఎ ఫ్యాక్టరీ ఎట్ సూరత్’ వంటి వాక్యాలు తరచుగా కనిపిస్తాయి. దీన్ని ‘ఆంగ్లేయులు సూరత్‌లో కర్మాగారం కట్టారు’ అని తెలుగు చేస్తే చరిత్రే తారుమారవుతుంది. ఎలాగో చూద్దాం.

‘సెట్’ అంటే ఉంచడం, ‘అప్’ అంటే పైకి. రెండూ కలిస్తే ‘నిలబెట్టడం’. దాని నుంచి వచ్చిందే ‘నెలకొల్పడం’. క్రియకు ఇలా చిన్న పదం చేరి కొత్త అర్థం ఇస్తే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. మన ‘పెట్టు’ కూడా ఇటువంటి పనే చేస్తుంది: కొట్టు పెట్టారు, బడి పెట్టారు, కాపురం పెట్టారు. ఏం పెట్టారన్నదాన్ని బట్టే అర్థం తేలుతుంది.

ఇక ‘ఫ్యాక్టరీ’ సంగతి. 17వ శతాబ్దంలో ‘ఫ్యాక్టర్’ అంటే కంపెనీ తరఫున సరుకు కొని అమ్మే ఉద్యోగి. ఆ ఉద్యోగులు ఉండే ఇల్లు, సరుకు నిలవచేసే గోదాము కలిపి ఫ్యాక్టరీ. 1611లో ‘గ్లోబ్’ నౌకలో వచ్చిన ఈస్టిండియా కంపెనీవారు గోల్కొండ రాజ్యంలోని మచిలీపట్నంలో అటువంటిదే పెట్టారు. 1612లో సూరత్ సమీపాన సువాలీ తీరంలో పోర్చుగీసువారిని ఓడించారు. 1613లో మొగల్ చక్రవర్తి జహంగీర్ ఫర్మానాతో సూరత్‌లో స్థిరపడ్డారు.

రెండుచోట్లా వెలిసినవి వర్తక స్థావరాలే. బట్ట నేసింది ఊళ్లలో, తమ ఇళ్లలో నేతగాళ్లు. కంపెనీ దళారుల ద్వారా బయానా ఇచ్చి ఆ బట్ట కొనేది. ‘కర్మాగారం’ అని రాస్తే కొన్నవాడే తయారుచేసినవాడవుతాడు. నేసినవాడు చరిత్రలో కనిపించడు.

20వ శతాబ్దంలో తెలంగాణ నుంచి ఎన్నో పద్మశాలి కుటుంబాలు మరమగ్గాల పనికి సూరత్ చేరాయి. ఆ నగరంలోని వడోద్‌లో ఒకరు మరమగ్గాలు పెట్టారనుకుందాం. ‘హి సెట్ అప్ పవర్‌లూమ్స్ ఇన్ వడోద్’ అంటాం. ఇక్కడ మాత్రం అది నిజంగా బట్ట తయారయ్యే చోటు. క్రియ అదే, కర్మ మారింది.

వాడుకలో మూడు విషయాలు గుర్తుంచుకోండి. భూతకాలంలోనూ ‘సెట్’ రూపం మారదు. సర్వనామం మధ్యలో రావాలి: ‘సెట్ ఇట్ అప్’ సరైనది, ‘సెట్ అప్ ఇట్’ తప్పు. నామవాచకమైనప్పుడు ‘సెటప్’ను ఒకే పదంగా రాస్తారు.

అనువదించే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఏమి నెలకొల్పారు? ఏ కాలంలో? అప్పుడు మొదటి వాక్యం ఇలా వస్తుంది: ‘ఆంగ్లేయులు సూరత్‌లో వర్తక స్థావరం నెలకొల్పారు.’