రామోజీరావు

చెరుకూరి రామోజీరావు (1936 నవంబరు 16 – 2024 జూన్ 8) పత్రికాధిపతి, సినీ నిర్మాత, ఈటీవీ వ్యవస్థాపకుడు. 2016లో పద్మవిభూషణ్ అందుకున్నారు. కృష్ణా జిల్లా పెదపారుపూడిలో రైతు కుటుంబంలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు రామయ్య. రామోజీ తను పెట్టుకున్నది.

1962లో మార్గదర్శి చిట్‌ఫండ్, 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో 'ఈనాడు' మొదలుపెట్టారు. ఆయన సినీ నిర్మాణ సంస్థ ఉషాకిరణ్ మూవీస్ పెద్ద తారల డేట్ల కోసం పడిగాపులు కాయలేదు, కథను నమ్ముకుంది. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలుతో మళ్లీ గజ్జె కట్టిన సుధాచంద్రన్ జీవితాన్ని ఆమెతోనే 'మయూరి'గా తీయించడం అలాంటి సాహసమే. ఆ నటనకు ఆమెకు జాతీయ పురస్కారం దక్కింది. 'ప్రతిఘటన', 'నువ్వే కావాలి' కూడా ఈ సంస్థవే. 1996లో హైదరాబాద్ శివార్లలో వెలసిన రామోజీ ఫిల్మ్‌సిటీని ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ గుర్తించింది.

1995లో తెలుగులో మొదలైన ఈటీవీ తర్వాత ఇతర భాషలకు పాకింది. 2002లో మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌ల కోసం హిందీ చానల్ వచ్చింది. అలా ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వార్తలు ఫిల్మ్‌సిటీకి చేరి, అక్కడి నుంచి ప్రసారమై జగదల్‌పూర్ ఇళ్లకు తిరిగొచ్చేవి. అక్కడ తెలుగు వినిపించే కొంటా, భోపాలపట్నం కూడా ఆ చానల్ పరిధిలోవే. 2014 నాటికి అది నెట్‌వర్క్18 చేతికి వెళ్లింది.

వ్యాపారాలు చాలించుకున్నాక దానధర్మాలకు దిగిన మనిషి కాదాయన. పత్రికకు మూడేళ్లు నిండగానే, 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. 'ఈనాడు' పాఠకుల నుంచి చందాలు పోగుచేసి, రామకృష్ణ మిషన్ తోడ్పాటుతో మత్స్యకారుల గ్రామం పాలకాయతిప్పను తిరిగి కట్టించింది. ముందు సంస్థ కొంత సొమ్ము వేయడం, పాఠకులను అడగడం, వచ్చినదాన్ని నగదుగా పంచకుండా ఇళ్లు కట్టివ్వడం: ఈనాడు సహాయనిధి పద్ధతి ఇది. 2018 కేరళ వరదలప్పుడు రామోజీ గ్రూప్ రూ.3 కోట్లతో మొదలుపెట్టిన నిధి రూ.7.77 కోట్లకు చేరింది; కుటుంబశ్రీ మహిళా సంఘాల చేతుల మీదుగా అలప్పుళ జిల్లాలో 121 ఇళ్లు లేచాయి. కాబట్టి ఈ దాతృత్వంలో పాఠకుల వాటా చిన్నది కాదు. స్వగ్రామాన్నీ, ఫిల్మ్‌సిటీ పక్కనున్న నాగన్‌పల్లినీ మాత్రం రామోజీ ఫౌండేషన్ దత్తత తీసుకుంది.

విమర్శలూ తక్కువేం కాదు. పత్రిక తెలుగుదేశం పక్షం వహిస్తుందన్న ఆరోపణ ఎన్టీఆర్ కాలం నుంచీ ఉంది. ఆయన మరో సంస్థ మార్గదర్శి ఫైనాన్షియర్స్ నిబంధనలకు విరుద్ధంగా డిపాజిట్లు సేకరించిందని 2006లో అప్పటి కాంగ్రెస్ ఎంపీ ఉండవల్లి అరుణ్‌కుమార్ ఫిర్యాదు చేశారు. సంస్థ దీన్ని ఖండించింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వ్యవహారాన్ని తిరిగి తెలంగాణ హైకోర్టుకు పంపింది. ఆయన మరణించేనాటికి అది ఇంకా తేలలేదు.