క్రిస్మస్ శుభాకాంక్షల పుట్టుపూర్వోత్తరములు

పండుగనాడు ఒకరికొకరు శుభము కోరుకొనుట సర్వదేశములందును కల ఆచారము. ఆ కోరికను తెలుపు మాటలు మాత్రము ఒక్కొక్క జాతికి ఒక్కొక్క తీరున ఏర్పడినవి. డిసెంబరు 25వ తేదీన అనేక దేశములలో వినవచ్చు ‘మెర్రీ క్రిస్మస్’ అను పలుకునకు దాదాపు ఐదు శతాబ్దముల చరిత్ర కలదు. తెలియవచ్చినంతలో అది మొదట కనబడునది విందుశాలలో కాదు, చెరసాలలో.

1534లో ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ కోరిన ప్రమాణమును చేయ నిరాకరించి, రోచెస్టరు బిషప్ జాన్ ఫిషర్ లండన్ టవరులో బందీయయ్యెను. అరువదేండ్లు దాటిన ఆ వృద్ధుడు డిసెంబరు 22న రాజుగారి కార్యదర్శి థామస్ క్రామ్‌వెల్‌కు ఒక విజ్ఞప్తి వ్రాసెను. తన బట్టలు చినిగిపోయినవనియు, తొడుగుకొనుటకు చొక్కాయైనను పరచుకొనుటకు దుప్పటియైనను లేదనియు, ఆహారము చాలుటలేదనియు తెలిపి, చివర ఆ అధికారికి ‘మెర్రీ క్రిస్మస్’ కలుగవలెనని కోరెను. ఆ కాలపు ఆంగ్లమున ‘మెర్రీ’ యనగా వేడుక మాత్రమే కాదు. హాయి, ఆహ్లాదము అనియు అర్థము కలదు. 1535 జూన్ 22న ఫిషర్‌కు శిరచ్ఛేదము జరిగెను. 1540లో క్రామ్‌వెల్‌ కూడ ఆ రాజు ఆజ్ఞకే బలియయ్యెను. కోరినవాడును, కోరబడినవాడును పోయిరి. మాట మాత్రము నిలిచెను.

ఆ పండుగకే ఒకప్పుడు నిషేధము కలిగెను. వేడుకలను గర్హించు ప్యూరిటనుల ప్రాబల్యమున 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్‌ను రద్దుచేయగా, కాంటర్‌బరీ పట్టణమున ప్రజలు తిరుగబడిరి. 1660లో రాచరికము మరల నెలకొనిన పిమ్మట పండుగయు మరలివచ్చెను.

1840లో పెన్నీ తపాలా వచ్చుటతో ఉత్తరములు విపరీతముగ పెరిగినవి. ఆ విధానమును నెలకొల్పుటకు తోడ్పడిన ప్రభుత్వోద్యోగి హెన్రీ కోల్, మిత్రులందరికి విడివిడిగ వ్రాయుటకు తీరికలేక, 1843లో చిత్రకారుడు జాన్ హార్స్‌లీచేత ఒక శుభాకాంక్షల కార్డును వేయించెను. సుమారు 1000 ప్రతులు అచ్చయినవి. వెల ఒక షిల్లింగు. అనగా తపాలా రుసుమునకు పన్నెండు రెట్లు. నడుమ విందారగించు కుటుంబమును, ఇరుప్రక్కల బీదలకు అన్నము పెట్టుట, వస్త్రము లిచ్చుటయు అందు చిత్రింపబడినవి. విందులో పసిబిడ్డకు ద్రాక్షసారాయము అందించుట మద్యపాన వ్యతిరేకులకు రుచింపలేదు. కాని ఇరుప్రక్కల బొమ్మలు చెప్పిన హితవును కాదనువారెవరు?

ఇతర భాషల తీరు వేరు. ఫ్రెంచివారి ‘నోయెల్’, స్పానిష్‌వారి ‘నావిదాద్’ అను పేర్లు జననమును సూచించును. జర్మనుల ‘వైనాఖ్టెన్’కు పవిత్రరాత్రులని అర్థము. స్వీడను, నార్వే ప్రజలు క్రైస్తవము రాకమునుపే నడిశీతకాలమున జరిగిన పండుగ పేరైన ‘యూల్’ను నేటికిని విడువలేదు. జూలియన్ పంచాంగము ననుసరించు రష్యను చర్చివారు జనవరి 7న శుభము పలుకుదురు. హవాయి భాషలో రకార సకారములు లేకపోవుటచే ‘మెర్రీ క్రిస్మస్’ అచట ‘మెలె కలికిమక’ అయ్యెను.

ఉత్తరభారతమున ఈ పండుగకు ‘బడా దిన్’ అని పేరు, వంగదేశమున ‘బొడొదిన్’. రెండింటికిని పెద్దదినమనియే అర్థము. సంక్రాంతిని ‘పెద్దపండుగ’ యని పిలుచుకొను ఆంధ్రులకు ఈ పేరు వింతగా తోచదు. తెలుగువారు క్రిస్మస్‌కును, ఉగాదికిని ‘శుభాకాంక్షలు’ అను ఒక్క మాటనే వాడుదురు. అందు మతభేదము లేదు. ఎదుటివాని మేలు కోరుట మాత్రమే కలదు.

1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అను ఇంజనీరు ఒక సెల్‌ఫోనుకు పంపిన తొలి సంక్షిప్త సందేశమును ‘మెర్రీ క్రిస్మస్’ అనునదియే. నేడు ఆ మాట క్షణములో ఖండములు దాటుచున్నది. పంపుట సులభమైన కొలది, దానికి అర్థము కల్పించు భారము పంపువానిపై పెరుగుచున్నది. చలికాలమున పొరుగువానికి కూడును గుడ్డయు కలవో లేవో విచారించి పలికిన శుభాకాంక్ష ఏ భాషలోనైనను సార్థకమగును.