అప్రస్తుత ప్రసంగి లోపలే ఉంటే: కౌమారంలో ఏడీహెచ్‌డీ

సారాంశం: ఏడీహెచ్‌డీని తెలుగులో ‘అవధాన లోపం’ అంటున్నాం. అష్టావధానం ఆనవాళ్లతో దీన్ని పరిశీలిస్తే, ధ్యాస కన్నా ధ్యాస మీది అదుపే ఇందులో దెబ్బతింటుందని తెలుస్తుంది. ఇంటర్మీడియెట్ వయసులో రుగ్మతను గుర్తించడానికి ఈ తేడా ఎందుకు ముఖ్యమో ఈ వ్యాసం చర్చిస్తుంది.

ప్రస్తావన

అష్టావధానంలో, ప్రశ్నించేవాడు అక్షరాలను నిషేధిస్తూ పోయే నిషిద్ధాక్షరిలో అవధాని నోటి చివరికి వచ్చిన అక్షరాన్ని ఆపుకొని మరో దారి వెతుకుతాడు. సంబంధం లేని మాటలతో ధ్యాస మళ్లించే అప్రస్తుత ప్రసంగికి బదులిస్తూనే పద్యం తెగకుండా చూసుకుంటాడు. ఒక ఆవృత్తంలో (ప్రశ్నల వరుస ఒక చుట్టు తిరగడంలో) చెప్పిన పాదాన్ని తర్వాతి ఆవృత్తం దాకా మనసులో నిలుపుకుంటాడు. మనస్తత్వశాస్త్రంలో వీటికి దగ్గరి పేర్లు నిరోధ శక్తి, ఏకాగ్రత, క్రియాశీల స్మృతి. వీటిలో మొదటిదే ఏడీహెచ్‌డీకి కీలకమని మనస్తత్వవేత్త రసెల్ బార్‌క్లీ 1997లో ప్రతిపాదించాడు.

మారే రూపం

అమెరికా మనోవైద్యుల సంఘం తన రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం రెండో కూర్పులో (డీఎస్‌ఎం-2, 1968) ఏడీహెచ్‌డీని బాల్యపు అతిచలన సమస్యగానే చూసింది; కౌమారంలో సాధారణంగా తగ్గిపోతుందని చెప్పింది. నిజానికి తగ్గేది ఎక్కువగా పైకి కనిపించే పరుగే. లోపలి అలజడి, పనుల వాయిదా, మరుపు చాలామందిలో మిగిలిపోతాయి.

ఇంటర్ మొదటి సంవత్సరం కుర్రాడొకడు భౌతికశాస్త్రం లెక్క చేస్తున్నాడనుకుందాం. సూత్రం వచ్చు. రెండో వరుసలో ఉన్న మైనస్ గుర్తు మూడో వరుసకు రాలేదు. బోర్డు దగ్గర నిలబెట్టి అడిగితే తడుముకోకుండా చెబుతాడు. పేపరు దిద్దిన లెక్చరర్‌కు అది నిర్లక్ష్యం. ‘సెల్లులో ఆటైతే మూడు గంటలు కదలడు’ అన్నది అమ్మ ఫిర్యాదు. ఆటలో వేలు కదిపిన మరుక్షణం ఫలితం కనిపిస్తుంది. లెక్కకు ఫలితం నెలల తర్వాతి పరీక్షలో. దూరపు ఫలితం కోసం మనసును పట్టి ఉంచడమే ఇతనికి కష్టం.

పరిశోధకుడు ఫిలిప్ షా బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం దీనికి శారీరక నేపథ్యాన్ని చూపింది. మెదడు పైపొరలో సగం బిందువులు గరిష్ఠ మందానికి చేరిన వయసు మామూలు పిల్లల్లో 7.5 ఏళ్లు, ఏడీహెచ్‌డీ పిల్లల్లో 10.5. ఆలస్యం ప్రధానంగా నుదుటి వెనుక భాగంలో కనిపించింది. ఇది సమూహాల మధ్య తేడా మాత్రమే. స్కాన్ తీసి ఒక పిల్లవాడికి రుగ్మత ఉందని తేల్చలేం.

నిర్ధారణలో చిక్కు

2013 నాటి డీఎస్‌ఎం-5 ప్రకారం కొన్ని లక్షణాలైనా 12 ఏళ్ల లోపే, రెండు లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల కనిపించాలి. అజాగ్రత్త, అతిచలనం అనే రెండు జాబితాల్లో దేనిలోనైనా తొమ్మిదింటిలో ఆరు ఉండాలి. 17 ఏళ్లు నిండితే ఐదు చాలు. అందుకే ఇంటర్‌లో తొలిసారి చదువు తప్పిన పిల్లవాడి విషయంలో పాత ప్రోగ్రెస్ కార్డులు కూడా సాక్ష్యమే. చిన్నప్పటి జాడ లేకపోతే నిద్రలేమి, కుంగుబాటు, ఆందోళన వైపు చూడాలి. అల్లరి చేయకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చునే ఆడపిల్లలు ఈ లెక్కలోకి తరచూ రారు.

రెసిడెన్షియల్ కాలేజీ మరో ముసుగు వేయగలదు. అక్కడ గంట, వార్డెన్, స్టడీ అవర్, వారం పరీక్ష కలిసి పిల్లవాడి అదుపును బయటి నుంచి నడుపుతాయి. ఇంజనీరింగ్‌లో చేరి అవి తొలగాక లోపం బయటపడవచ్చు. అంతవరకూ బాగా చదివాడన్న వాదన రుగ్మత లేదనడానికి రుజువు కాదు.

ముగింపు

మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సెటిన్ వంటి మందులను వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి. వాటికి తోడు ఇంటా బడిలో పని తీరు మార్చాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది. ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు. కాబట్టి తొలి సాయం తరగతి గదిలోనే మొదలవ్వాలి: పాఠాన్ని చిన్న ముక్కలు చేయడం, ప్రతి ముక్కకూ వెంటనే ఫలితం చూపడం. అవధాని అంతటివాణ్ణి కూడా చాలా అంశాల్లో పద్యం మొత్తం ఒక్క ఊపున చెప్పమని సభ అడగదు. ఆవృత్తానికి ఒక పాదం చొప్పున, నాలుగు ఆవృత్తాల్లో పూర్తి చేయనిస్తుంది.