మన నీళ్ల బొమ్మ

ఆ మధ్య దిండి వెళ్లాం. సాయంత్రంపూట వశిష్ఠ గోదావరి ఒడ్డున కూర్చుంటే ఒక పట్టాన లేవబుద్ధి కాదు. కొబ్బరిచెట్ల నీడలు నీళ్లమీద బారెడేసి సాగుతున్నాయి. మా ఆడపడుచు ఫోనుతో టకటకా ఫొటోలు తీసేసి, "వదినా, ఈ గోదావరిని ఎవరైనా బొమ్మ గీస్తే ఎంత బావుంటుందో!" అంది.

"గీశారమ్మా, వందేళ్ల కిందటే" అన్నాను.

ఈ నీళ్లు ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలకముందు రాజమండ్రి రేవుల్ని ఒరుసుకుంటూ వచ్చేవే కదా! ఆ ఊళ్లోనే 1897లో దామెర్ల రామారావు పుట్టారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిలోని విద్యను గుర్తుపట్టారు. 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్టుకు పంపించారు.

గుర్తుపట్టేవాళ్లుండటం చిన్న విషయం కాదు. డెన్మార్కులో ఎకర్స్‌బర్గ్ (1783-1853) అనే చిత్రకారుడు ఉండేవారు. ఓడల మీద మోజుతో తెరచాపా, తాడూ ఏదీ పొల్లుపోకుండా గీసిన మనిషి. శిష్యుల్ని గదుల్లోంచి బయటికి తీసుకుపోయి, కళ్లెదుట ఉన్నదాన్ని చూసి వెయ్యమన్నారు. ఆ దేశపు చిత్రకళకు తండ్రి అన్న పేరు ఆయనకే దక్కింది. చుట్టూ సముద్రం ఉన్నంతమాత్రాన సముద్రపు బొమ్మలు రావు మరి. చూడమని చెప్పేవాళ్లు కావాలి.

చదువు ముగించుకుని రామారావు సొంత ఊరికే తిరిగొచ్చారు. తూర్పు కనుమల నడుమ పారే గోదావరిని బొమ్మలో నిలిపారు. స్నేహితులతో, శిష్యులతో కలిసి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. అంతలో, 1925 ఫిబ్రవరిలో, మశూచి ఆయన్ని తీసుకుపోయింది. అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు! బతికుంటే కొండల్లోంచి పాయల వెంట దిగొచ్చి, ఈ కొబ్బరితోటల గోదావరినీ, అంతర్వేది సముద్రాన్నీ కుంచెకు ఎక్కించేవారేమో.

ఆయన భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? రామారావు పేరన్నా రాజమండ్రి చిత్రశాల గోడమీద ఉంది. ఆ ఇంటి ఆడవాళ్ల పేర్లు అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

మనింట్లో పిల్ల నోటుపుస్తకం వెనకపేజీలో పడవ గీస్తే ఏమంటాం? "ముందు లెక్కలు చేసుకో" అంటాం. నేనూ అన్నదాన్నే. కూల్డ్రే దొర కూడా అలాగే అనేసి ఉంటే, మన గోదావరికి ఆ బొమ్మ ఉండేది కాదు.

మా ఆడపడుచు ఫోను సంచిలో పడేసి, "వెళ్లేటప్పుడు రాజమండ్రిలో దిగుదాం వదినా" అంది.

పిల్లని కూడా తీసుకురావాల్సింది అనిపించింది.