ఆటోమేటిక్ కారులో అరకు వెళ్తున్నారా? ఘాట్ దిగేటప్పుడు ఆ ‘ఎం’ మోడ్ ఎందుకు వాడాలంటే..

చలికాలం మొదలైందంటే చాలు.. విశాఖ నుంచి అరకు వైపు కార్లు క్యూ కడతాయి. బొర్రా గుహలు, గాలికొండ వ్యూ పాయింట్, అరకు లోయ చూసుకుని, అక్కడి నుంచి డుంబ్రిగుడ మండలంలోని చాపరాయి దాకా వెళ్లొస్తుంటారు. ఈ కార్లలో ఆటోమేటిక్‌లు కూడా బాగానే కనిపిస్తున్నాయి. క్లచ్ తొక్కే పని లేదు, గేరు మార్చే పని లేదు. సిటీ ట్రాఫిక్‌లో హాయిగా ఉంటుంది. కానీ అదే కారును ‘డి’లో పెట్టేసి ఘాట్ దిగితేనే అసలు ఇబ్బంది. గేర్ రాడ్ దగ్గర ‘ఎం’ అనే అక్షరం, ప్లస్, మైనస్ గుర్తులు ఉన్నది ఇలాంటి చోట వాడటానికే. చాలామంది కారు కొన్నాక వాటి జోలికే వెళ్లరు.

విశాఖ నుంచి కొత్తవలస, ఎస్.కోట, అనంతగిరి మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఉంటుంది. అంటే ఎక్కినదంతా తిరుగు ప్రయాణంలో దిగాల్సిందే. 2021 ఫిబ్రవరిలో అరకు చూసి తిరిగొస్తున్న టూరిస్టు బస్సు డముకు దగ్గర లోయలో పడి నలుగురు చనిపోయారు. బస్సయినా, కారైనా.. ఘాట్‌లో దిగుడే కష్టమని ఈ రోడ్డుపై రోజూ తిరిగే డ్రైవర్లకు బాగా తెలుసు.

‘డి’లో దిగితే ఏమవుతుంది?

పల్లంలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తాం. గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు అది ‘ఇంజిన్‌కు పని లేదు’ అన్నట్టు అర్థమవుతుంది. మైలేజీ కోసం పై గేరుకు వెళ్లిపోతుంది. పై గేరులో ఇంజిన్ కారును పట్టి ఉంచదు. దాంతో కారు జోరందుకుంటుంది, మనం బ్రేక్ తొక్కుతాం. వదలగానే మళ్లీ జోరు, మళ్లీ బ్రేక్. కొండ దిగేదాకా ఇదే తంతు.

కొత్త కార్లలో కొన్నింటికి పల్లాన్ని గుర్తించి గేరు తగ్గించే తెలివి ఉంది. అయినా అవతల ఉన్న హెయిర్‌పిన్ మలుపు దానికి కనిపించదు. డ్రైవర్‌కే కనిపిస్తుంది. కాబట్టి గేరు ఎంచుకోవాల్సింది కూడా డ్రైవరే.

ఓ లెక్క చూద్దాం. మనుషులు, లగేజీతో కలిపి 1500 కిలోల కారు 800 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. ఆ దిగుడులో బయటపడే శక్తితో దాదాపు 40 లీటర్ల నీళ్లను మరిగించొచ్చు. గాలి, టైర్ల రాపిడి కొంత తీసుకుంటాయి. మిగతాది ఇంజిన్ అయినా ఆపాలి, బ్రేకులైనా ఆపాలి. ఇంజిన్ సాయం లేకపోతే భారమంతా నాలుగు చక్రాల బ్రేకుల మీదే పడుతుంది.

బ్రేక్ ప్యాడ్లు మరీ వేడెక్కితే పట్టు తగ్గుతుంది. ఇంకో ప్రమాదం బ్రేక్ ఆయిల్‌తో. కార్లలో ఎక్కువగా వాడే డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ఆయిల్ మరిగితే పైపుల్లో బుడగలు వస్తాయి. అప్పుడు పెడల్ తొక్కితే మెత్తగా కిందికి దిగిపోతుంది కానీ బండి ఆగదు.

‘ఎం’ మోడ్‌లో ఏం చేయాలి?

గేర్ రాడ్‌ను ‘డి’ నుంచి ‘ఎం’కు జరపాలి. దీనికి కారు ఆపక్కర్లేదు. మైనస్ వైపు ఓసారి తోస్తే ఒక గేరు తగ్గుతుంది, ప్లస్ వైపు తోస్తే పెరుగుతుంది. ఏది ముందుకో, ఏది వెనక్కో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి బయల్దేరే ముందే చూసుకోవాలి. ప్రస్తుతం ఏ గేరులో ఉన్నామో మీటర్ దగ్గర ‘ఎం 2’, ‘ఎం 3’ అని కనిపిస్తుంది.

పాత డ్రైవర్లు చెప్పే సూత్రం ఇక్కడా పనికొస్తుంది.. ఏ గేరులో ఎక్కామో, ఆ గేరులోనే దిగాలి. మామూలు పల్లానికి మూడో గేరు, నిటారు పల్లానికి, హెయిర్‌పిన్ మలుపులకు రెండో గేరు సరిపోతుంది. మరీ ఇరుకైన మలుపైతే ఒకటో గేరు. కాలు తీసినా కారు జోరు పెరగకుండా దిగుతోందంటే సరైన గేరులో ఉన్నట్టే. పెరుగుతోందంటే బ్రేక్‌తో కాస్త తగ్గించి, ఇంకో గేరు దించాలి.

గేరు మార్పు మలుపులోకి రాకముందే అయిపోవాలి. తడి రోడ్డు మీద మలుపు మధ్యలో ఒక్కసారిగా గేరు దించితే చక్రాలు జారే ప్రమాదం ఉంది.

అప్పుడు ఇంజిన్ శబ్దం పెరుగుతుంది. చాలామంది అది విని భయపడి మళ్లీ ‘డి’లోకి వెళ్లిపోతారు. మీటర్‌లో ముల్లు ఎర్రగీత కింద ఉన్నంతసేపు ఇంజిన్‌కు ఏమీ కాదు. ఎర్రగీత దాటేలా ఉంటే గేర్‌బాక్సే ఆ గేరు దించడానికి ఒప్పుకోదు. కొన్ని కార్లలో ముల్లు ఎర్రగీత దాకా వస్తే కంప్యూటరే పై గేరుకు మార్చేస్తుంది. అందుకే స్పీడు మీద ఓ కన్నేసి ఉంచాల్సిందే.

మీ కారులో ఏ గేర్‌బాక్స్ ఉంది?

ఏఎంటీ: 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో సామాన్యుడి కార్లలోకి వచ్చింది. మారుతి దీన్నే ఏజీఎస్ అంటుంది. వ్యాగన్ఆర్, స్విఫ్ట్, డిజైర్ లాంటి కార్లలో ఉంటుంది. లోపల ఉన్నది మామూలు క్లచ్ ప్లేటే, తొక్కే పని మాత్రం మోటార్ చేస్తుంది. వీటిలో ‘ఎం’ మోడ్ ఉంటుంది.

టార్క్ కన్వర్టర్: బ్రెజా ఆటోమేటిక్ లాంటివి. స్టీరింగ్ వెనకుండే ప్యాడిల్స్‌తోనే గేరు మార్చొచ్చు. పాత కార్లలో ‘ఎం’ బదులు ‘2’, ‘ఎల్’ అని ఉంటాయి. పని అదే.

సీవీటీ: హోండా సిటీ లాంటివి. వీటిలో నిజానికి విడివిడి గేర్లు ఉండవు. ప్యాడిల్స్ నొక్కితే గేర్లు ఉన్నట్టే పనిచేస్తుంది. ప్యాడిల్స్ లేని కార్లలో ‘ఎస్’ లేదా ‘ఎల్’ వాడాలి.

డీసీటీ: రెండు క్లచ్‌లు ఉంటాయి. గేరు చాలా వేగంగా మారుతుంది. ‘ఎం’ వాడే పద్ధతి మిగతావాటిలాగే.

ఎలక్ట్రిక్ కార్లు: గేర్లు లేకపోయినా రీజెన్ లెవల్ పెంచితే మోటారే కారును పట్టి ఉంచుతుంది. అయితే బ్యాటరీ ఫుల్‌గా ఉంటే రీజెన్ సరిగా పనిచేయదు. కాబట్టి కొండ మీద వంద శాతం ఛార్జింగ్ పెట్టుకుని దిగడం మంచిది కాదు.

ఎక్కేటప్పుడు జాగ్రత్త

ఎక్కేటప్పుడు ‘డి’ తరచూ రెండుకూ మూడుకూ మధ్య ఊగుతుంటుంది. ముఖ్యంగా ఏఎంటీలో గేరు మారే ఆ క్షణంలో కారు లాగడం ఆగిపోయినట్టు ఉంటుంది. లారీని ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడు అలా జరిగితే ప్రమాదం. ‘ఎం 2’లో ఉంచితే ఆ ఊగిసలాట ఉండదు.

ఇంకో తప్పు.. ఎత్తులో ట్రాఫిక్ ఆగినప్పుడు బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే కారును నిలబెట్టడం. ఏఎంటీ, డీసీటీ కార్లలో ఇలా చేస్తే క్లచ్ కాలిపోతుంది. ఆగితే బ్రేకో, హ్యాండ్ బ్రేకో వేయాలి. హిల్ హోల్డ్ ఉన్నా అది రెండు సెకన్ల ముచ్చటే.

న్యూట్రల్ వద్దు

దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే పెట్రోల్ మిగులుతుందనేది ఉత్త అపోహ. గేరులో ఉండి కాలు తీస్తే నేటి ఇంజిన్లలో ఇంధనం పడటమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ తిరగడానికి ఎంతో కొంత ఖర్చవుతూనే ఉంటుంది. పైగా ఇంజిన్ పట్టు పూర్తిగా పోతుంది.

బ్రేకుల వాసన వస్తే..

కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా వెడల్పాటి చోట ఆపేయాలి. అరగంట చల్లారనివ్వాలి. వేడి డిస్కుల మీద నీళ్లు పోయొద్దు. అసలు ఆగకపోతే పెడల్‌ను వెంటవెంటనే తొక్కుతూ, ‘ఎం’లో ఒక్కో గేరు దించుతూ, హ్యాండ్ బ్రేక్‌ను కొద్దికొద్దిగా లాగాలి. తప్పనిసరైతే లోయ వైపు కాకుండా కొండ వైపు జరగాలి.

చాపరాయి దగ్గర పార్కింగ్

వాలులో ఆపినప్పుడు ముందు హ్యాండ్ బ్రేక్ వేసి, తర్వాతే ‘పి’లో పెట్టాలి. మారుతి ఏజీఎస్ కార్లలో ‘పి’ ఉండదు. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులోనే ఉంచి ఇంజిన్ ఆపాలి. న్యూట్రల్‌లో వదిలి నీళ్లలోకి వెళ్లొద్దు. చక్రం కింద రాయి పెడితే ఇంకా మంచిది.

బయల్దేరే ముందు

బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే మార్పించుకోండి. ప్యాడ్లు, టైర్లు చూపించుకోండి. పొగమంచులో హై బీమ్ వద్దు, లో బీమ్ చాలు. ఇరుకు చోట ఎదురుగా ఎక్కే బండికి దారివ్వండి. సంత రోజుల్లో రోడ్డు పక్కన నడిచే జనాన్ని, పశువులను గమనించుకోండి. ‘ఎం’ మోడ్‌ను మాత్రం మొదటిసారి ఘాట్‌లో ప్రయత్నించొద్దు. ముందు రోజే ఊళ్లో ఖాళీ రోడ్డు మీద పది నిమిషాలు అలవాటు చేసుకుంటే, అనంతగిరి మలుపుల్లో చేయి తడుముకోదు.