పొద్దు మళ్లేది డిసెంబర్‌లోనే



పోయిన డిసెంబర్ 22న మా కాలేజీలో బీఎస్సీ రెండో సంవత్సరం అమ్మాయి ఒక చార్టు రాసి నోటీసు బోర్డుకి అంటించింది. "ఈరోజు నుంచి ఉత్తరాయణం. ఇక పగలు పెరుగుతుంది." రెండే వాక్యాలు. మధ్యాహ్నానికి చార్టు లేదు. తీసేసిన పెద్దమనిషి ఆ పిల్లని పిలిచి, "ఉత్తరాయణం సంక్రాంతికి వస్తుంది. పంచాంగాల సంగతి మీకేం తెలుసు?" అన్నాడు. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి చెప్తున్నాను, ఆ "మీకు" గౌరవవాచకం కాదు, బహువచనం. ఆ పిల్లకి, వాళ్లమ్మకి, వాళ్ల పేటకి, నాకు కలిపి అన్న మాట.

ఆ అమ్మాయి ఏడవలేదు. నా దగ్గరికొచ్చి "మేడమ్, నేను తప్పు రాశానా?" అని అడిగింది. అప్పుడు "లేదమ్మా" అని మాత్రం అన్నాను. మిగతా జవాబు ఈ భాగం.

సూర్యుడు దక్షిణం కొస దాకా వెళ్లి వెనక్కి మళ్లేది డిసెంబర్ 21న, లేదా 22న. ఇందులో నమ్మకంతో పని లేదు. ఒక కర్ర పాతి మధ్యాహ్నం నీడ కొలిస్తే చాలు, ఏడాది మొత్తంలో ఆ నీడ బాగా పొడుగ్గా ఉండేది అప్పుడే. మరి సంక్రాంతి జనవరిలో ఎందుకొస్తోంది? ఒకప్పుడు రెండూ దాదాపు ఒకేసారి వచ్చేవి. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో, పాత శాస్త్రాలు చెప్పిన చోట ఇప్పుడు అయనం మారడం లేదని, మకరం మొదట్లో మారుతోందని రాశాడు. అనుమానముంటే ఆకాశం చూసి తేల్చుకోమన్నాడు. అయన చలనం తెలిసిన పండితులు ఆయన తర్వాత కూడా ఉన్నారు. పండగ తేదీని మాత్రం ఎవరూ కదిలించలేదు.

సూర్యసిద్ధాంతం లెక్కలో ఏడాది, రుతువుల ఏడాది కంటే దాదాపు 24 నిమిషాలు ఎక్కువ. ఆ 24 నిమిషాలే 1400 ఏళ్లలో 23 రోజులయ్యాయి. వివేకానందుడు పుట్టిన 1863లో సంక్రాంతి జనవరి 12న వచ్చింది. ఇప్పుడు 14న, 15న వస్తోంది. ఇంకో వెయ్యి, పన్నెండొందల ఏళ్లు పోతే భోగిమంటలు ఫిబ్రవరిలో వేసుకోవాలి.

ఈ లెక్కని దేశం ముందు పెట్టిన కమిటీకి అధ్యక్షుడు మేఘనాథ్ సాహా. ఆయన్ని దళితుడని చెప్పి మన గోడకి తగిలించుకోను. కానీ ఆయన కులాన్ని తక్కువగానే చూశారు. 1893లో ఢాకా దగ్గర పల్లెలో పుట్టాడు. తండ్రిది చిల్లర కొట్టు. పై చదువుకి ఒక డాక్టరు గారింట్లో చోటు దొరికింది. షరతులు రెండు, తిన్న కంచం తనే కడుక్కోవాలి, ఆవుని చూసుకోవాలి. తర్వాత కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ, ఈడెన్ హిందూ హాస్టల్. అక్కడ పై కులాల కుర్రాళ్లు తమతో కూర్చుని తిననివ్వలేదు. సరస్వతీ పూజనాడు వేదిక ఎక్కనివ్వలేదు. చదువుల తల్లి పూజ అది! ఆ కుర్రాడే 1920లో సూర్యుడి పై పొరల్లో అణువులు ఏ వేడికి ఎలక్ట్రాన్లు వదులుకుంటాయో సమీకరణం రాశాడు. నక్షత్రాల వెలుగు నుంచి వాటి వేడిని చెప్పే దారి దానితో తెరుచుకుంది.

1952లో స్వతంత్రుడిగా లోక్‌సభకి గెలిచాడు. అదే ఏడాది పంచాంగ సంస్కరణ కమిటీ వేశారు. దేశంలో వాడుకలో ఉన్న ముప్పై పంచాంగాలు తెప్పించి చూశారు. 1955లో నివేదిక ఇచ్చారు. దాన్నిబట్టి 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. అందులో పుష్యం 1వ తేదీ ఏ రోజో తెలుసా? డిసెంబర్ 22. మన పిల్ల చార్టు అంటించిన రోజు. కేంద్ర ప్రభుత్వ గెజిట్ మీద ఇప్పటికీ ఆ తేదీలే వేస్తారు.

సాహా అది చూడలేదు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం ఆఫీసుకి వెళ్తూ దారిలో కూలిపోయాడు. ఆ డిసెంబర్‌లోనే బాబాసాహెబ్ కూడా వెళ్లిపోయాడు.

అయితే ఆ కమిటీ ఒక చోట తగ్గింది. ప్రభుత్వ తేదీలకి అసలు సూర్యుణ్ణి తీసుకుని, పండగలకి పాత తేడాని అలాగే ఉంచింది. ఇది ఓటమే అంటాను. మతానికి దాని లెక్క దానికి వదిలెయ్యడమే లౌకికత్వం అని మన మిత్రులే కొందరంటారు. కామెంట్లలో వాదించుకుందాం.

సాహా పేరు నాకు పీహెచ్‌డీ రోజుల్లో తెలిసింది. పొద్దు మళ్లడం మాత్రం మా నాయనమ్మ దగ్గరే తెలిసింది. గూడెం చివర మా పాక ముందు నిలబడితే తూర్పున చెరువు కట్ట మీద తాటిచెట్ల వరస కనపడేది. కోతల కాలంలో పొద్దు ఒక్కో చెట్టూ దాటుకుంటూ దక్షిణానికి జరిగేది. చివరి చెట్టు దగ్గర కొన్నాళ్లు కదలకుండా ఉండేది. తర్వాత ఒకరోజు "పొద్దు మళ్లిందే పిల్లా, ఇంక సాయంత్రం సాగుద్ది" అనేది. అప్పటికి పండక్కి ఇంకా మూడు వారాలుండేది. మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు, పుష్యమాసాన పూసగుచ్చ పొద్దుండదు అన్న సామెత కూడా ఆమె నోటనే విన్నాను.

ఆ మాట ఆమె సంబరంగా అంటోందనుకునేదాన్ని. సాహిత్యం చదివినవాళ్లకి వెలుగంటే ఆశ కదా. ఆమెకి కూలి రోజు లెక్కన, పని పొద్దు లెక్కన. సాయంత్రం సాగితే ఆసామి ఇంకో నాలుగు మోపులు మోయమంటాడు, కూలి మాత్రం అదే. వారానికి 48 గంటల పని 1946లో ఫ్యాక్టరీల చట్టంలోకి వచ్చింది, బాబాసాహెబ్ లేబర్ మెంబర్‌గా ఉండి పట్టుబట్టడం వల్ల. అది మా చేలగట్టు దాకా రాలేదు. తాటిచెట్టు వైపు ఆమె అంత పట్టుగా ఎందుకు చూసేదో నాకు ఉద్యోగమొచ్చి, నెల జీతం చేతికొచ్చాక గానీ అర్థం కాలేదు.

ఆ అమ్మాయి ఈ ఏడాది మళ్లీ చార్టు రాస్తోంది. ఈసారి హాస్టల్ డాబా మీద మీటరు కర్ర నిలబెట్టి, డిసెంబర్ 1 నుంచి రోజూ మధ్యాహ్నం నీడ కొలిచి కింద పట్టిక వేస్తోంది. నిన్న 83 సెంటీమీటర్లు వచ్చిందట.

వచ్చే భాగం డిసెంబర్ 25న, మహాడ్ 1927.

జై భీమ్.